ఎర్ర దీపానికి మెమో ఇవ్వకండి

రైల్వే బోర్డు చైర్మన్ గారికి, సిగ్నల్ అండ్ టెలికాం శాఖ చూసే పెద్దలకు, డివిజన్లలో పొద్దున్నే ఫెయిల్యూర్ల లెక్క తిరగేసే అధికారులకు,

నమస్కారం.

నలభై ఏళ్లపాటు మీకు ఉత్తరాలు రాశాను. అన్నీ ఇంగ్లీషులోనే. "విత్ రిఫరెన్స్ టు యువర్ మెమో" అని మొదలుపెట్టడం, ఇకముందు జరగకుండా చూసుకుంటానని ముగించడం. మూడు వాక్యాలకు మించి రాస్తే ఎవరూ చదవరని మా పెద్ద గుమస్తా చెప్పేవాడు. ఇప్పుడు పెన్షన్ తింటున్నాను, నాకు మెమో ఇచ్చేవాళ్లు లేరు. అందుకని తెలుగులో, పొడుగ్గానే రాస్తాను. మీ దగ్గర తెలుగు చదివేవాళ్లకు కొదవ లేదు. సిగ్నల్ శాఖ చదువు చెప్పే ఇరిసెట్ 1957 నుంచి మా సికింద్రాబాద్‌లోనే ఉంది. దేశంలో సిగ్నల్ పని నేర్చుకున్న ఆఫీసర్లలో తార్నాక ఇడ్లీ తినని వాళ్లు తక్కువ.

1981లో ఖలాసీగా చేరాను. మెకానికల్ మెయింటైనర్, ఎలక్ట్రికల్ మెయింటైనర్ అయి, ఆపైన పరీక్ష రాసి ఇన్‌స్పెక్టర్నై, 2021లో సీనియర్ సెక్షన్ ఇంజనీరుగా దిగాను. ఎక్కడెక్కడ చేశానో, ఎవరి కింద చేశానో రాయను. నేను చెప్పబోయేది ఏ ఒక్క డివిజన్‌కో అంటగట్టేది కాదు.

నేను చేరిన స్టేషన్లో అన్నీ రెక్క సిగ్నళ్లే. కేబిన్లో లీవరు లాగితే పట్టాల పక్కన కప్పీల మీదుగా తీగ కదిలి, ఎక్కడో దూరంగా ఉన్న స్తంభం మీద రెక్క కిందికి వంగేది. మే నెలలో మధ్యాహ్నానికి తీగ ఎండకు సాగి, లీవరు ఎంత లాగినా రెక్క సగమే వంగేది. సాయంత్రం చల్లబడ్డాక అదే తీగ బిగుసుకునేది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తీగ సరిచేయడం ఖలాసీగా నా మొదటి డ్యూటీ. చేరిన వారానికి మా మేస్త్రీ నన్ను స్తంభం ఎక్కించి, రెక్కకు కట్టిన బరువు చూపించాడు. "ఇది చూడరా. దించేది మనం, ఎత్తేది భూదేవి. తీగ తెగినా, మనం చచ్చినా, రెక్క తనంతట తనే అడ్డంగా నిలబడాలి. అది నిలబడకపోతేనే నీకు నిద్ర పట్టకూడదు" అన్నాడు. ఆయన ఐదో తరగతి దాకా చదివాడు. తర్వాత ఇరిసెట్‌లో ఫెయిల్‌సేఫ్ అనే మాట మీద క్లాసులు విన్నప్పుడు నాకు ఆ బరువే కళ్ల ముందు ఆడేది.

సింగిల్ లైన్ మీద అప్పట్లో నీల్స్ బాల్ టోకెన్. రెండు స్టేషన్ల మిషన్ల మధ్య తీగ. ఇక్కడి మాస్టరు గంట కొడితే అక్కడి మాస్టరు బదులు గంట కొట్టాలి. ఇద్దరూ ఒప్పుకుంటేనే ఒక ఇనప గోళీ బయటికొస్తుంది. అది వెనక్కి పడేదాకా రెండు మిషన్లలో ఏదీ ఇంకో గోళీ ఇవ్వదు. గోళీని తోలు సంచిలో వేసి, బెత్తం వలయానికి తగిలించి, నడుస్తున్న బండిలో డ్రైవరు చేతికి అందించేవాళ్లు. ఆ గోళీ చేతిలో లేకుండా ఏ డ్రైవరూ స్టేషను దాటడు. నా కళ్ల ముందే దాని స్థానంలో టోకెన్ అక్కర్లేని బ్లాక్ మిషన్లు వచ్చాయి, వాటి వెనక బండి ఇరుసులు లెక్కపెట్టే యాక్సిల్ కౌంటర్లు వచ్చాయి. ఇరవై ఐదు వేల వోల్టుల కరెంటు పైన పరిచేసరికి స్తంభాల మీది టెలిగ్రాఫ్ తీగలు భూమిలోకి కేబుళ్లుగా దిగాయి. టక్కుటిక్కుమనే మోర్స్ సౌండర్ మూలపడింది. రెక్కల చోట రంగు దీపాలు, లీవర్ల చోట బటన్ల ప్యానెల్, రిలేల (కరెంటుతో లేచి పడే స్విచ్చుల) చోట కంప్యూటర్. 2023 నాటికే 6,400కు పైగా స్టేషన్లలో పాయింట్లు (బండిని ఒక లైన్ నుంచి ఇంకో లైన్‌కు మళ్లించే కదిలే పట్టాలు), సిగ్నళ్లు ఒక్క చోటినుంచి కరెంటు మీద నడుస్తున్నాయని మీరే ప్రకటించారు. మంచిదే. నేనేమీ లాంతరు రోజులకు పోదామనడం లేదు. వానలో కిరోసిన్ దీపం వెలిగించడానికి స్తంభం ఎక్కిన వాడెవడూ అలా అనడు.

మారనిది ఒకటే. రెక్కకు కట్టిన ఆ బరువు. ట్రాక్ సర్క్యూట్ తీసుకోండి. పట్టాల ముక్కకు ఒక చివర బ్యాటరీ, రెండో చివర రిలే. పట్టాల్లోంచి కరెంటు వచ్చినంతసేపూ రిలే లేచి ఉంటుంది. బండి వస్తే చక్రాల ఇరుసు కరెంటును అడ్డంగా మళ్లించేస్తుంది, రిలే పడిపోతుంది, సిగ్నల్ ఎర్రబడుతుంది. బ్యాటరీ చచ్చినా, పట్టా విరిగినా, బాండు వైరు దొంగ కోసుకుపోయినా అదే ఫలితం. వానాకాలం కంకర తడిసి కరెంటు కారిపోయినా, పట్టాల పక్కన తీగలు కలిపే లొకేషన్ బాక్సులో ఎలుక తీగ కొరికినా అంతే. ఎర్ర దీపం. అంటే ఆ సిగ్నల్ తన పని తాను చేసింది, అనుమానం వస్తే ఆపింది.

దాన్ని మీ లెక్కలో ఏమంటారు? సిగ్నల్ ఫెయిల్యూర్. దాని ఎదురుగా నిమిషాలు, ఆ నిమిషాల ఎదురుగా మెయింటైనర్ పేరు. ఎర్రగా నిలబడ్డ ప్రతి సిగ్నలూ పొద్దున పొజిషన్లో, అంటే రోజూ మీరు చూసే ఫెయిల్యూర్ల లెక్కలో, ఒక అంకె. ఆ అంకె తగ్గించమని పైనుంచి కిందికి ఒత్తిడి. ఆ ఒత్తిడి కిందికొచ్చేసరికి ఒకే ఒక మాటగా మారుతుంది. మా శాఖలో ఆ మాట వినని వాడు లేడు.

"మేనేజ్ చెయ్యి."

తీగ కలిపెయ్ అని ఎవరూ అనరు. అంటే రేపు అది సాక్ష్యం అవుతుంది. మేనేజ్ చెయ్యి అంటారు. అంత మెత్తటి మాటను ఏ ఎంక్వయిరీలో పెట్టి అడుగుతారు?

నేనూ ఒకసారి మేనేజ్ చేశాను. ఇన్నాళ్లూ ఇంట్లో కూడా చెప్పలేదు. రిలేల ప్రతి కదలికనూ రాసిపెట్టే డేటా లాగర్లు ఇంకా రాని రోజులు. ఒక చిన్న స్టేషను, జూలై రాత్రి, కుండపోత. మెయిన్ లైన్ పక్కన బండ్లు ఆపే లూప్ లైన్ మీద ట్రాక్ సర్క్యూట్ పడిపోయింది. వెనక సూపర్‌ఫాస్ట్‌కు దారివ్వడానికి ఒక గూడ్సును లూప్‌లోకి తీసుకోవాలి. లూప్ ఖాళీగానే ఉంది గాని, ప్యానెల్ మీద మాత్రం ఎర్రగా చూపిస్తోంది. గూడ్సు స్టేషన్ బయట హోం సిగ్నల్ దగ్గర, దాని వెనక సూపర్‌ఫాస్ట్. బండ్లు నడిపించే కంట్రోల్ ఆఫీసు ఫోన్ ఆగకుండా మోగుతోంది. సరైన దారి ఏమిటో నాకు తెలుసు. పాయింట్లు క్లాంపు చేసి తాళం వేయాలి. మాస్టరు కాగితం రాసి ఇవ్వాలి, మనిషి వెళ్లి డ్రైవరుకు ఆ కాగితం అందించాలి, బండి నెమ్మదిగా లోపలికి రావాలి. ఆ వానలో ఇరవై నిమిషాలు, ఇంకా ఎక్కువే. ఫోన్లో ఒక గొంతు ఆ మాట అంది. నేను రిలేకు బ్యాటరీ నుంచి నేరుగా ఒక తీగ తగిలించాను. ప్యానెల్ మీద ఎరుపు పోయింది. సిగ్నల్ వచ్చింది. గూడ్సు లూప్‌లోకి వెళ్లింది. సూపర్‌ఫాస్ట్ మెయిన్ మీద దూసుకుపోయింది. ఫోన్లో "గుడ్" అన్నారు.

తర్వాత నేను గొడుగేసుకుని తప్పెక్కడుందో చూద్దామని లైన్ మీదికి పోయాను. తీగ సంగతి మరిచిపోయాను. పావుగంటకు స్టేషన్ మాస్టరు పోర్టర్‌ను పరుగెత్తించాడు. నేను తడిసి ముద్దై లోపలికి వచ్చేసరికి ఆయన కుర్చీలో కూచుని ప్యానెల్ వైపు చూపించాడు. ముసలాయన, కేకలు వేసే మనిషి కాదు.

"నాయనా, నా ప్యానెల్ మీద గూడ్సు మాయమైంది. కిటికీలోంచి చూస్తే ఉంది. నేను కిటికీని నమ్మనా, నిన్ను నమ్మనా?"

లూప్‌లో యాభై పెట్టెలకు పైగా బండి నిలబడి ఉంది. నా తీగ పుణ్యాన మిషన్ మాత్రం ఖాళీ అంటోంది. ఆయన చోట కొత్త మాస్టరు ఉంటే, కిటికీ వైపు చూడకపోతే, తర్వాతి ప్యాసింజరును అదే లూప్‌లోకి తీసుకోవడానికి బటన్ నొక్కితే, సిగ్నల్ వచ్చేసేది. తీగ పీకేశాను. చేతులు వణికాయి. మర్నాడు ఫెయిల్యూర్ రిజిస్టర్లో ఏమీ లేదు. పొజిషన్లో మా సెక్షన్ శుభ్రంగా ఉంది. ఆ నెల మెచ్చుకున్నారు కూడా.

అయ్యా, దీన్ని ఇప్పుడు బయటపెట్టడం నా పాపం కడుక్కోవడానికి కాదు. ఆ నెల మీ లెక్క ప్రకారం నేను మంచి మెయింటైనర్ని. ఎర్రగా ఉంచి, ఇరవై నిమిషాలు పోగొట్టి ఉంటే చెడ్డ మెయింటైనర్ని. ఈ కొలబద్ద మీరు తయారు చేసినదే.

2023 జూన్ 2 సాయంత్రం సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. అయినా చెబుతాను, కోరమండల్ ఎక్స్‌ప్రెస్ మా విశాఖ, విజయవాడల మీదుగా చెన్నై పోయేది. ఒడిశాలో బహనగా బజార్. కోరమండల్‌కు మెయిన్ లైన్ మీద ఆకుపచ్చ. 17ఎ పాయింటు మాత్రం లూప్ వైపు ఉంది. గంటకు 128 కిలోమీటర్ల వేగంతో లూప్‌లో నిలబడ్డ ఇనప ఖనిజం గూడ్సును గుద్దింది. 290 మందికి పైగా పోయారు. రైల్వే సేఫ్టీ కమిషనర్ విచారణలో తేలింది ఏమిటంటే, అంతకుముందెప్పుడో నార్త్ గూమ్టీలో (పట్టాల పక్కన సిగ్నల్ సామాను ఉండే గదిలో) సర్క్యూట్ మార్చినప్పుడు లోపం జరిగింది. ఆ రోజు గేటు దగ్గర లిఫ్టింగ్ బారియర్ మార్చే పనిలో ఆ లోపం పేలింది. లొకేషన్ బాక్సులో తీగలకు రాసిన పేర్లు తప్పు, ఏళ్లతరబడి అది ఎవరి కంటా పడలేదు. అంతకు ఏడాది ముందు, 2022 మే 16న, ఖరగ్‌పూర్ డివిజన్లోనే బంక్రానయాబాజ్‌లో తప్పు వైరింగ్ వల్ల ఇలాంటిదే జరిగింది. అప్పుడే సరిచేసి ఉంటే ఇది జరిగేది కాదని విచారణే అంది. ఇక 2023 ఫిబ్రవరిలో కర్ణాటకలో హోసదుర్గ రోడ్ దగ్గర సంపర్క్ క్రాంతి లోకో పైలట్ పాయింటు తప్పు వైపు ఉండటం కళ్లతో చూసి ఆపాడు కాబట్టి ఆ పేరు మనకు పెద్దగా గుర్తులేదు. మా ముసలి మాస్టరు కిటికీ లాంటిదే ఆ పైలట్ కళ్లజోడు.

బహనగా తర్వాత ఏం చేశారు? రిలే రూములకు, గూమ్టీలకు రెండేసి తాళాలు ఉన్నాయో లేదో చూడమన్నారు. ఒకటి మాస్టరు దగ్గర, ఒకటి మెయింటైనర్ దగ్గర. తాళం ఉండాల్సిందే. నా సర్వీసులో రిలే రూము తాళాలను బొట్టుపెట్టి పూజించినంత పని చేశాను. కానీ మేనేజ్ చెయ్యి అనే మాట ఫోన్లో వస్తుంది, తలుపులోంచి రాదు. దాన్ని ఏ తాళం ఆపుతుంది? ముగ్గురు ఉద్యోగులను అరెస్టు చేశారు. వాళ్ల తప్పు ఎంతో కోర్టు తేలుస్తుంది. నేనడిగేది వేరు. ఆ లొకేషన్ బాక్సును ఆ ముగ్గురే కాకుండా ఏళ్లతరబడి ఇంకెంతమంది తెరిచి చూసి, బాగుందని సంతకం పెట్టి ఉంటారు? చూడటానికి వాళ్లకు ఎన్ని నిమిషాలు దొరికాయి?

ఇలాంటి తీగ కథ ఇంకోటుంది. 1988 డిసెంబరు 12 పొద్దున, లండన్ దగ్గర క్లాఫమ్ జంక్షన్. కొత్త సిగ్నలింగ్ పనిలో రిలే రూములోని ఒక పాత తీగను పూర్తిగా తీసేయకుండా వదిలేశారు. అది వెనక్కి వంగి పాత టెర్మినల్‌ను తాకింది. ముందు బండి ఉన్నా సిగ్నల్ ఎర్రబడలేదు. 35 మంది చనిపోయారు. విచారణలో రెండు సంగతులు బయటపడ్డాయి. ఆ తీగ పనిచేసిన టెక్నీషియన్‌కు 13 వారాల్లో ఒక్క రోజే సెలవు దొరికింది. పని అయ్యాక వేరే మనిషి వచ్చి తీగలు ఒక్కొక్కటీ లెక్కపెట్టి చూడాల్సింది, ఎవరూ చూడలేదు. ఆ దేశం ఆ టెక్నీషియన్ ఒక్కడి మెడకు ఉరి బిగించలేదు. సంస్థనే కోర్టుకు లాగి రెండున్నర లక్షల పౌండ్లు జరిమానా వేసింది. సిగ్నల్ పనివాళ్ల పని గంటలకు హద్దు పెట్టింది. ఆ 13 వారాల ముక్క మొదటిసారి చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వేయలేదు. మా పక్క సెక్షన్ మెయింటైనర్ గుర్తొచ్చాడు. రాత్రి రెండింటికి ఫెయిల్యూర్ అటెండై, పొద్దున ఎనిమిదికి మళ్లీ డ్యూటీకొచ్చి, రిలే రూములో నిలబడే కునుకు తీసేవాడు. బీట్లో రెండు పోస్టులు ఖాళీ, అతనొక్కడే. అతని భార్య పురిటికి పోతే స్టేషన్లోనే వండుకున్నాడు.

ఇప్పుడు నా కోరికలు. పెద్దవేం కావు, డబ్బు ఖర్చు కూడా తక్కువే.

మొదటిది ఆ లెక్క విడగొట్టండి. ఎర్రగా ఆగిన ఫెయిల్యూర్ ఒక పుస్తకంలో, తప్పుగా పచ్చ చూపిన ఫెయిల్యూర్ ఇంకో పుస్తకంలో. మొదటి పుస్తకానికి మెమోలు ఆపండి. అందులో అంకె పెరిగితే కేబుల్ మార్చాలి, కంకర శుభ్రం చేయాలి, మనిషిని తిట్టకూడదు. రెండో పుస్తకంలో ఒక్క ఎంట్రీ వచ్చినా మీరు ఢిల్లీ నుంచి దిగండి. ఇప్పుడు రెండూ ఒకే గంపలో ఉన్నాయి. అందులో మొదటిదాన్ని దాచడానికి మెయింటైనర్ రెండోదాన్ని పుట్టిస్తున్నాడు. కంచే చేను మేయడం అంటే ఇదే.

రెండోది డిస్‌కనెక్షన్, అంటే పని కోసం సిగ్నల్‌ను కాసేపు విడదీయడం. టి/351 కాగితం మీద మాస్టరు సంతకం లేకుండా సిగ్నల్ ముట్టుకోకూడదని రూలు. ఆ కాగితం పట్టుకుని మాస్టరు దగ్గరికి వెళ్తే ఆయన కంట్రోల్‌ను అడుగుతాడు, కంట్రోల్ "ఈ బండి పోనీ" అంటుంది, ఆ తర్వాత ఇంకో బండి. మూడు గంటల పనికి నలభై నిమిషాలు ఇస్తారు. అప్పుడు ఒకటి జరుగుతుంది, పని సగంలో కలిపేయడమో, కాగితం లేకుండా చేయడమో. ఇంజనీరింగ్ వాళ్లకు పట్టాల పనికి బ్లాకు ఇచ్చినట్టే సిగ్నల్ వాళ్లకూ టైంటేబుల్లోనే సమయం రాసిపెట్టండి. ఎవరినీ బతిమాలే అవసరం లేకుండా.

సర్క్యూట్ మార్చిన ప్రతిసారీ, మార్చిన మనిషి కాకుండా వేరే సెక్షన్ నుంచి ఇంకో మనిషి వచ్చి తీగ తీగా లెక్కపెట్టి, డ్రాయింగ్‌తో సరిచూసి, పాయింటు దగ్గర ఒకరు, ప్యానెల్ దగ్గర ఒకరు నిలబడి రెండూ ఒకటే చెబుతున్నాయో లేదో చూశాకే బండి వదలాలి. రూలు పుస్తకంలో ఇది ఉందని అంటారు. ఉంది. ఆ రెండో మనిషి ఎక్కడున్నాడని అడుగుతున్నాను. ఖాళీలు నింపకుండా కాగితం మీద ఇద్దరి సంతకాలు ఉంటే, రెండు పెన్నులు ఒకే చేతిలో ఉన్నట్టు లెక్క. నేను చూశాను, రెండో సంతకం కోసం ఆదివారం ఇంటికి ఫైలు పంపడం.

బండ్లు గుద్దుకోకుండా ఆపే కవచ్ గురించి అడుగుతారు. గర్వంగానే ఉంది. మొదటి పరీక్షలు మా లింగంపల్లి, వికారాబాద్ వైపే జరిగాయి. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి ఇంజన్లో కూచుని చూసిందీ ఇక్కడే. దాన్ని తయారుచేసే కంపెనీల్లో మా హైదరాబాద్ వాళ్లున్నారు. డ్రైవరు ఎర్ర సిగ్నల్ దాటకుండా అది ఆపుతుంది. 2023 అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర ఒక ప్యాసింజర్ను ఇంకో ప్యాసింజర్ వెనకనుంచి గుద్ది 14 మంది పోయారు, అలాంటి చోట అది ప్రాణాలు నిలుపుతుంది. కాబట్టి త్వరగా వేయండి. కానీ స్టేషన్ కవచ్ సిగ్నల్ రంగు తెలుసుకునేది మా ఇంటర్‌లాకింగ్ (పాయింట్లు, సిగ్నళ్లు ఒకదానికొకటి ముడిపెట్టే ఏర్పాటు) నుంచే. రిలే అబద్ధం చెబితే కవచ్ ఆ అబద్ధాన్నే రేడియోలో ఇంజన్‌కు చేరవేస్తుంది, ఇంకా వేగంగా.

ఇంకొక్క మాట రాసి ఆపుతాను. పాయింటు మిషన్లకు మేం అబ్‌స్ట్రక్షన్ టెస్టు చేస్తాం. పాయింటు నాలిక కొసనుంచి 150 మిల్లీమీటర్ల దూరంలో, నాలిక పట్టాకూ స్టాక్ పట్టాకూ మధ్య 5 మిల్లీమీటర్ల ఇనప ముక్క పెట్టి మిషన్ తిప్పాలి. పాయింటు తాళం పడకూడదు, సిగ్నల్ రాకూడదు. ఆ ముక్క ప్రతి మెయింటైనర్ సంచిలో ఉంటుంది. మా మేస్త్రీ తన ముక్కను రిటైరైన రోజు నా చేతిలో పెట్టాడు, అంచులు అరిగిపోయి నున్నగా ఉంది. నేను కొత్త కుర్రాళ్లకు నేర్పేటప్పుడు అది పెట్టి మిషన్ తిప్పించి, సిగ్నల్ రాకపోవడం చూపించేవాడిని. ఒకడు అడిగాడు, "సార్, సిగ్నల్ రాలేదు కదా, ఇది ఫెయిల్యూర్ రాయాలా?" అని. నవ్వాను గాని, వాడి తప్పేమీ లేదు. మేం వాడికి అదే నేర్పాం.

ఆ ముక్క నేను స్టోర్సుకు అప్పగించలేదు. నా బల్ల సొరుగులోనే ఉంది. రైల్వే సొత్తు ఇంటికి తెచ్చుకున్నందుకు మెమో ఇస్తానంటే ఇవ్వండి, జవాబు రాస్తాను. ఈసారి సారీ మాత్రం ఉండదు.

ఇట్లు,
రిటైర్డ్ సీనియర్ సెక్షన్ ఇంజనీరు (సిగ్నల్)